ఐదో నంబర్‌కి ప్రమోషన్ ఎప్పుడు?

రౌటర్ లోపల కూడా హోదాలుంటాయని చాలామందికి తెలీదు. సిస్కో కంపెనీ రౌటర్ తనలో జరిగేవి రాసే లాగ్ మెసేజ్ ఏది తీసుకున్నా మధ్యలో ఒక అంకె, 0 నుంచి 7 దాకా, అంకె ఎంత చిన్నదైతే ఆసామి అంత పెద్దోడు. 0 ఎమర్జెన్సీ. ఆయన్ని చూసినోళ్ళు తక్కువ, ఆయనొచ్చేసరికి చెప్పడానికి రౌటర్ మిగలాలి కదా. తర్వాత అలర్ట్, క్రిటికల్, ఎర్రర్, వార్నింగ్, నోటిఫికేషన్, ఇన్ఫర్మేషనల్, అట్టడుగున డీబగ్, అంటే లోపల జరిగే ప్రతి చిన్న పనినీ చెప్పేవాడు. ఈ 7కి హోదా లేదు గానీ నోరు మాత్రం ఊరంత, బిజీగా ఉన్న రౌటర్ మీద డీబగ్ ఆల్ అన్న కమాండ్ కొడితే (కొట్టకండి బాబూ) సీపీయూ మొత్తం వాడి సోదికే సరి, ఆపుదామన్నా కమాండ్ కొట్టే ప్రాంప్ట్ చేతికి దొరకదు.

సరే, నా బాధ 5 గురించి. లింక్ లైట్ పచ్చగానే ఉంది కానీ బీజీపీ నైబర్ (మనకి దారులు చెప్పే అవతలి రౌటర్) పోయింది, బ్రాంచ్‌కి నెట్ లేదు, కౌంటర్ దగ్గర జనం గోల, ఇంతా జరిగితే రౌటర్ రాసేది బీజీపీ-5-ఏడీజేచేంజ్, నైబర్ సంగతి మారిందని. అయిదు! వీలుంటే ఓసారి చూడండి సార్ అన్నట్టు. ఓఎస్‌పీఎఫ్ (అదీ రౌటర్లు దారులు చెప్పుకునే పద్ధతే) నైబర్ పోయినా 5, ఎవడో అర్ధరాత్రి కాన్ఫిగ్ మార్చినా 5, రీలోడ్ కొట్టినా 5. అదే ఎవరో డెస్క్ దగ్గర ల్యాప్‌టాప్‌కి కేబుల్ గుచ్చితే, పోర్ట్ లేచిందన్న శుభవార్త మాత్రం లింక్-3-అప్‌డౌన్, సాక్షాత్తూ ఎర్రర్ హోదాలో! పడినా 3, లేచినా 3. సాయంత్రం జనం సిస్టంలు కట్టేసి ఇళ్ళకి పోతుంటే ఈ మెసేజ్‌లు పోగయ్యే లాగ్ సర్వర్ నిండా ఎర్రర్లే.

ఇప్పుడు మేనేజర్ గారొస్తారు. "సీరియస్‌వి మాత్రమే పంపండమ్మా, డాష్‌బోర్డ్ నీట్‌గా ఉండాలి." మనవాడు సర్వర్‌కి ఏ అంకె దాకా పంపాలో చెప్పే లాగింగ్ ట్రాప్ కమాండ్ తీసి, లాగింగ్ ట్రాప్ వార్నింగ్స్ కొట్టేస్తాడు, డిఫాల్ట్‌గా 6 దాకా పోయేవి కాస్తా 4 దగ్గర ఆగిపోతాయి. డాష్‌బోర్డ్ నిజంగానే నీట్‌గా ఉంటుంది, బీజీపీ పోయినా నీట్‌గానే ఉంటుంది, కస్టమర్ ఫోన్ చేసేదాకా. పంపినవన్నా చేరతాయా అంటే అదీ యూడీపీ 514 మీద, అందిందా అని అడిగే అలవాటే లేని దారి, ఉన్నది ఒక్కటే లింకైతే అది పోయిందన్న కబురు కూడా దాని మీదే బయల్దేరాలి.

2009లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5424 అనే లాగ్ మెసేజ్‌ల ప్రమాణం ఈ ఎనిమిది హోదాల పేర్లు రాసింది గానీ ఏ సంఘటనకి ఏ అంకె అన్నది తయారుచేసినోడి ఇష్టానికే పోయింది. అందుకే రౌటర్లకీ ఒక పీఆర్సీ వెయ్యాలని నా డిమాండ్. అది వచ్చేదాకా ట్రాప్ 6 దగ్గరే ఉంచి, సర్వర్‌లో అంకె చూసి కాకుండా బీజీపీ-5-ఏడీజేచేంజ్ అన్న పేరు చూసి ఎస్సెమ్మెస్ కొట్టించుకోండి. ఇక ఆ 3 గారి సంగతంటారా, డెస్క్‌ల పోర్ట్‌లన్నిటి మీదా నో లాగింగ్ ఈవెంట్ లింక్-స్టేటస్ కొట్టండి, నోరు మూసుకుంటారు.