ఎప్పుడు ఆపాలో రాయని మందుల చీటీ

ఏ ఊళ్లోనైనా సాయంత్రం పూట మెడికల్ షాపు దగ్గర కాసేపు నిలబడి చూడండి. డాక్టరు చీటీ తెచ్చేవాళ్లతో పాటు ఖాళీ మాత్రల రేకు తెచ్చేవాళ్లూ కనిపిస్తారు. కొంగు ముడిలోంచి నలిగిపోయిన రేకు ముక్క తీసి, "ఇవే ఇయ్యి నాయనా, ఓ పది" అంటుంది ఒక పెద్దావిడ. షాపు కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొత్త షీటులోంచి పది మాత్రలు కత్తెరతో కత్తిరించి కాగితం కవర్లో వేసిస్తాడు. "తిన్నాక వేసుకోమ్మా" అన్నదొక్కటే సలహా. కత్తిరించిన ముక్క మీద మందు పేరు సగమే ఉంటుంది. ఎక్స్‌పైరీ తేదీ షాపులోనే మిగిలిపోతుంది. ఆ మాత్రను మొదట రాసింది ఒక డాక్టరే. మోకాలు వాచినప్పుడు ఐదు రోజులకని రాశాడు. ఆ ఐదు రోజులు అయిపోయి ఎన్నాళ్లయిందో ఇప్పుడు ఎవరూ లెక్క పెట్టడం లేదు.

మన దగ్గర నొప్పి మాత్రల సమస్యకు మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. మొదలుపెట్టించడానికి డాక్టరు ఉన్నాడు, అమ్మడానికి షాపు ఉంది, ఆపించే బాధ్యత మాత్రం ఎవరి మీదా లేదు.

ఆ రేకులో సాధారణంగా ఏముంటుందో చూద్దాం. మనకు బాగా అలవాటైన కాంబినేషన్‌లో ఎసిక్లోఫెనాక్ 100 మిల్లీగ్రాములు, పారాసెటమాల్ 325, సెర్రాషియోపెప్టిడేజ్ 15 ఉంటాయి. మూడోదాన్ని వాపు తగ్గడానికని కలుపుతారు. జపాన్‌లో దాన్ని ఏళ్ల తరబడి అమ్మిన కంపెనీ మళ్లీ పరీక్షలు చేస్తే ఫలితం కనబడలేదని 2011లో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. ఇక్కడ అది నేటికీ చీటీల్లో ఉంది. అసలు పని చేసేదీ, అసలు నష్టం చేసేదీ ఎసిక్లోఫెనాక్. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నిమెసులైడ్ కూడా ఈ కుటుంబానివే.

ఇవి ఎలా పని చేస్తాయో 1971లో జాన్ వేన్ ఆస్పిరిన్ మీద పరిశోధన చేసి తేల్చాడు. ఆ కృషికి 1982లో నోబెల్ వచ్చింది. దెబ్బ తగిలినచోట, వాచినచోట ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారై నొప్పిని పెంచుతాయి. ఈ మాత్రలు వాటి తయారీని ఆపేస్తాయి. చిక్కేమిటంటే, కడుపు లోపలి పొరను యాసిడ్ నుంచి కాపాడేవీ ఆ రసాయనాలే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలోకి వెళ్లే రక్తనాళాన్ని తెరిచి ఉంచేవీ అవే. మోకాలికని వేసుకున్న మాత్ర మోకాలి దగ్గరే ఆగిపోదు.

కడుపు సంగతి జనానికి తెలుసు. మంట పుడుతుంది, పుండు పడుతుంది, ఒక్కోసారి నల్లటి విరేచనం రూపంలో రక్తం పోతుంది. అందుకే డాక్టర్లు పక్కనే "గ్యాస్ మాత్ర" రాస్తారు. ఆ గ్యాస్ మాత్రతో ఒక ధీమా వచ్చేస్తుంది. అది కొంతవరకు కడుపునే కాపాడగలదు, కిడ్నీకి ఏ రక్షణా ఇవ్వదు. పైగా కిడ్నీ దెబ్బతింటున్నా నొప్పి పుట్టదు. పనితనం సగం దాకా పోయినా, రక్తపరీక్షలో కిడ్నీ పనితీరును చెప్పే క్రియాటినిన్ పెద్దగా పెరగకపోవచ్చు. కాళ్ల వాపుతో, ఆయాసంతో ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైపోతుంది.

ఇక్కడ మన ఇళ్లలో రోజూ జరిగే ఒక సంగతి చెప్పాలి. అరవై దాటినవాళ్లలో చాలామంది బీపీకి టెల్మిసార్టాన్ వాడుతుంటారు. కొందరికి అందులోనే నీటి మాత్ర, అంటే హైడ్రోక్లోరోథియాజైడ్ లేదా క్లోర్‌థాలిడోన్, కలిసి ఉంటుంది. ఆ రెండింటికీ నొప్పి మాత్ర తోడైతే కిడ్నీలో రక్తాన్ని వడపోయడానికి కావలసిన ఒత్తిడి మూడు వైపుల నుంచీ పడిపోతుంది. మే నెల ఎండలో ఉపాధి పనికి వెళ్లి, చెమటోడ్చి, సరిగ్గా నీళ్లు తాగకుండా ఇంటికొచ్చి ఒళ్లు నొప్పులకని మాత్ర వేసుకునే మనిషికి ఇది మరీ ప్రమాదం. బీపీ మందు రాసింది ఒకరు, మోకాళ్ల మందు రాసింది ఇంకొకరు. రెండూ ఒకే ఒంట్లోకి వెళ్తున్నాయని ఆ ఇద్దరిలో ఒక్కరికైనా తెలుసా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి లాంటి మండలాల కిడ్నీ జబ్బుకు కచ్చితమైన మూలకారణం ఇప్పటికీ తేలలేదు. దాన్ని నొప్పి మాత్రల మీదికి నెట్టేయడం తప్పు. కానీ కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసేవాళ్లు ఒళ్లు నొప్పులకు ఈ మాత్రలు విరివిగా వాడటం, అప్పటికే బలహీనపడిన కిడ్నీని అవి మరింత దెబ్బతీయడం కిడ్నీ డాక్టర్లు ఏళ్లుగా హెచ్చరిస్తున్న విషయమే. పలాసలో ఆసుపత్రి, పరిశోధన కేంద్రం కట్టుకున్నాం. ఆ చుట్టుపక్కల మందుల షాపుల్లో చీటీ లేకుండా డైక్లోఫెనాక్ దొరికినన్నాళ్లూ సగం పని మిగిలే ఉంటుంది.

డైక్లోఫెనాక్ పేరెత్తితే రాబందుల సంగతి తప్పదు. 1990ల నుంచి దేశమంతటా రాబందులు రాలిపోయాయి. కారణం డైక్లోఫెనాక్ అని 2004లో తేలింది. ఆ మందు వేసిన పశువు చనిపోతే దాని కళేబరాన్ని తిన్న పక్షులకు కిడ్నీలు చెడిపోయి, లోపలి అవయవాల మీద యూరిక్ యాసిడ్ తెల్లగా పేరుకుపోయేది. 2006లో పశువుల డైక్లోఫెనాక్‌ను కేంద్రం నిషేధించింది. మనుషుల ఇంజక్షన్లే పశువులకు వాడుతున్నారని 2015లో 3 మిల్లీలీటర్లు మించిన వయల్స్‌ను ఆపేసింది. 2023లో పశువైద్యంలో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌లను కూడా నిషేధించింది. దేశంలో మిగిలిన రాబందుల కోసమైనా ఇవి మంచి నిర్ణయాలు. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత సున్నితం కాదు, ఒకటి రెండు మాత్రలతో ఏమీ కాదు. అయినా పక్షి విషయంలో ప్రభుత్వం చూపిన పట్టుదల, పెద్దావిడ కొంగు ముడిలోని అదే ఎసిక్లోఫెనాక్ దగ్గర ఎందుకు కనిపించదని అడగక తప్పదు. చట్టం ప్రకారం డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందులు. చీటీ లేనిదే అమ్మకూడదు.

ఈ మాత్రలకు మత్తు గుణం లేదు, వీటిని నెలల తరబడి వాడించేది నొప్పే. కానీ నడుం నొప్పో, నరాల నొప్పో వీటికి లొంగనప్పుడు చీటీ మీదికి వచ్చే ట్రమడాల్, టాపెంటడాల్ వేరే జాతి. ఇవి నల్లమందు వర్గానికి చెందిన ఓపియాయిడ్లు, నేరుగా మెదడు మీద పనిచేస్తాయి. ట్రమడాల్ 1977లో జర్మనీలో మార్కెట్లోకి వచ్చింది. నల్లమందు నుంచి తీసే మార్ఫిన్‌లా అలవాటు కాదన్న పేరుతో ప్రపంచమంతా పాకింది. ఆ పేరు నిలబడలేదు. మన ప్రభుత్వం 2018 ఏప్రిల్‌లో దాన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. టాపెంటడాల్‌కు కండరాల బిగువు తగ్గించే కారిసోప్రొడాల్ కలిపి మన దేశంలో తయారుచేసిన మాత్రలు ఘనా, నైజీరియా, ఐవరీకోస్ట్ వీధుల్లో మత్తు కోసం అమ్ముడవుతున్నాయని 2025 ఫిబ్రవరిలో బీబీసీ బయటపెట్టింది. ఆ వెంటనే కేంద్రం ఆ కాంబినేషన్ తయారీకి, ఎగుమతికి ఇచ్చిన అనుమతులను వెనక్కి తీసుకుంది. ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే నివేదిక 2019లో వచ్చింది. దాని ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల వయసువాళ్లలో 0.96 శాతం మంది, అంటే వందకు దాదాపు ఒకరు, ఓపియాయిడ్ మందులను వైద్యావసరం లేకుండా వాడుతున్నారు.

అయితే ఆ సర్వేకి చిక్కని వాళ్ల గురించే నాకు ఎక్కువ దిగులు. మత్తు కోసం వెతకని వాళ్లు, ఆపరేషన్ తర్వాత డాక్టరు రాసిన మందును నమ్మకంగా వాడుకుంటూ పోయినవాళ్లు. కొన్ని వారాలు రోజూ వాడితే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. అదే డోసుకు ఉపశమనం తగ్గుతుంది. ఒకరోజు మాత్రలు అయిపోతాయి. మర్నాటికి ఆవలింతలు, ముక్కు కారడం, చెమటలు, విరేచనాలు, గుండె దడ, ఒళ్లంతా పీకుడు. రాత్రంతా నిద్ర ఉండదు. ఇంట్లోవాళ్లు ఏదో వైరల్ జ్వరం అనుకుంటారు. రోగి మాత్రం "నా పాత నొప్పే తిరగబెట్టింది" అనుకుంటాడు. ఇంకో మాత్ర పడగానే కాసేపట్లో అంతా సర్దుకుంటుంది. దాంతో ఈ మందు లేకపోతే బతకలేనని గట్టిగా నమ్మేస్తాడు. అతను చూసింది మందు దిగిపోయేటప్పుడు పుట్టే బాధ అని, కొద్దిరోజుల్లో తగ్గేదని చెప్పే మనిషి పక్కన ఉండడు.

దీన్ని వ్యసనం అని పిలిచి సిగ్గుపెట్టడం వల్ల మేలు జరగదు. ఒళ్లు అలవాటు పడటం ఎవరికైనా జరుగుతుంది. వ్యసనం అంటే నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా మనసు మందు వైపే లాగడం, దానికోసం అబద్ధాలాడటం, డాక్టర్లను మార్చుకుంటూ పోవడం. మొదటిది రెండోదానికి దారి తీయవచ్చు, తీయకపోవచ్చు. రెండింటిలోనూ ఒక్కసారిగా మానేయడం తప్పు. డాక్టరు చూస్తుండగా వారాల మీద కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. ట్రమడాల్‌తో మలబద్ధకం, వాంతులు, తల తిరగడం మామూలు. డోసు ఎక్కువైతే ఫిట్స్ రావచ్చు. కొన్ని డిప్రెషన్ మందులతో కలిస్తే చాలా ప్రమాదం. మద్యంతోనో నిద్రమాత్రలతోనో కలిస్తే ఊపిరే ఆగిపోవచ్చు. నరాల నొప్పికి విరివిగా రాసే ప్రీగాబాలిన్ కూడా అలవాటు చేసే మందే. బ్రిటన్ దాన్ని 2019లో నియంత్రిత మందుల జాబితాలో పెట్టింది. తలనొప్పిది ఇంకో తీరు. మామూలు మాత్రలే నెలకు 15 రోజులు, కాంబినేషన్లూ ఓపియాయిడ్లూ అయితే 10 రోజులు, మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెప్పిస్తాయి.

అమెరికా అనుభవం మన తెలుగువాళ్లకు కొత్త కాదు, మనవాళ్లు చాలామంది అక్కడ డాక్టర్లుగా ఉన్నారు. 1980లో ఒక వైద్య పత్రికలో అచ్చయిన ఐదు వాక్యాల ఉత్తరాన్ని పట్టుకుని, ఓపియాయిడ్లతో వ్యసనం అరుదని ప్రచారం చేశారు. 1996లో పర్డ్యూ కంపెనీ ఓపియాయిడ్ మాత్ర ఆక్సికాంటిన్ వచ్చింది. దాని వ్యసన ప్రమాదాన్ని తక్కువ చేసి చూపామని పర్డ్యూ కంపెనీ 2007లో కోర్టులో నేరం ఒప్పుకుంది, 2020లో మళ్లీ వేరే నేరాలు ఒప్పుకుంది. ఇంతవరకు అందరూ చెప్పుకునేదే. తర్వాత జరిగింది మనం ఎక్కువగా గమనించాలి. చీటీలు బిగించేసరికి, అప్పటికే అలవాటు పడినవాళ్లలో కొందరు హెరాయిన్ వైపు, ఫెంటనిల్ వైపు వెళ్లారు. మందు ఒక్కసారిగా ఆపేయడం వల్ల నొప్పి భరించలేనంత పెరగడం, ఆత్మహత్యలు కూడా నమోదయ్యాయని అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో డాక్టర్లను హెచ్చరించాల్సి వచ్చింది.

తలుపులు మూసేస్తే ఏమవుతుందో మనకూ అనుభవమే. 1985 మాదకద్రవ్యాల చట్టం వచ్చాక లైసెన్సుల భయంతో ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వమే నల్లమందు సాగు చేయిస్తున్న దేశంలో క్యాన్సర్ రోగులు మార్ఫిన్ మాత్ర దొరక్క విలవిల్లాడారు. 2014లో చట్టం సడలించారు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన వైద్యం నడుస్తోంది. జిల్లాల్లో చాలాచోట్ల ఇంకా కష్టమే. మోకాలి అరుగుదలకు ఏళ్ల తరబడి మాత్రలు చేతికందుతున్నాయి, చివరి రోజుల్లో ఉన్న మనిషికి మార్ఫిన్ అందడం లేదు. అందుకే నొప్పి మందుల మీద నిషేధం కోరేవాళ్లతో నేను కలవలేను.

కూలికి వెళ్లేవాళ్లను నిందించడమూ నాకు ఇష్టం లేదు. మాత్ర వేసుకుంటేనే రేపు నడుం వంగి నాట్లు వేయగలిగే మనిషికి ఆ మాత్రే ఆ రోజు కూలి. ఆర్ఎంపీ దగ్గర నొప్పి సూది, షాపులో పది మాత్రలు ఆమెకు అందుబాటులో ఉన్న వైద్యం. మోకాలి అరుగుదలకు తొడ కండరాల వ్యాయామం, కొంచెం బరువు తగ్గడం, పైన రాసే డైక్లోఫెనాక్ జెల్ ముందు చూడాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు ఆమె ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉన్నాడా?

డాక్టర్లను కోరేది మందు పేరు కింద ఇంకొక్క వాక్యం. ఎన్ని రోజులు వాడాలి, ఆ తర్వాత నొప్పి ఉంటే మాత్రలు కొనకుండా ఎవరి దగ్గరికి రావాలి, తెలుగులో రాయమని. షాపులవాళ్లు కత్తిరించేటప్పుడు పేరు, తేదీ ఉన్న ముక్కే చేతికివ్వాలి. ఇప్పటికే మత్తు మాత్రలకు అలవాటు పడ్డామని అనుమానం ఉన్నవాళ్లకు 14446 అనే జాతీయ హెల్ప్‌లైన్ ఉంది. ప్రభుత్వానికి కూడా చేతిలో ఒక దారి ఉంది. 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూసే కార్యక్రమం ఊళ్లలో ఇప్పటికే నడుస్తోంది. ఆ ఫారంలో నొప్పి మాత్ర ఎన్నాళ్లుగా వాడుతున్నారనే గడి ఒకటి చేర్చాలి. నెల దాటిందని చెప్పినవాళ్లకు క్రియాటినిన్ పరీక్ష చేయించి, వేసుకుంటున్న మందులన్నీ ఒకచోట పెట్టించి, డాక్టరుకు చూపించే పని ఏఎన్ఎంకి అప్పగించవచ్చు.