అందరిదీ అయిన ల్యాబ్, ఎవరికీ పట్టని ల్యాబ్

మా టీములన్నీ కలిసి వాడే టెస్ట్ ల్యాబ్ సర్వర్‌లో రాత్రి పెట్టిన ఇంటిగ్రేషన్ టెస్టులు (సాఫ్ట్‌వేర్ భాగాలు కలిసి సరిగ్గా పనిచేస్తున్నాయో చూసే పరీక్షలు) పొద్దున చూస్తే వరసగా ఫెయిల్. కోడ్‌లో తప్పేమీ లేదు. ఎవరో 8080 పోర్టు (ఒకసారికి ఒక ప్రోగ్రామే వాడుకోగల నెట్‌వర్క్ ద్వారం) పట్టుకుని, పనయ్యాక వదలకుండా వెళ్లిపోయారు. లాగ్ (ఏం జరిగిందో నమోదయ్యే ఫైలు) నిండా ఒకటే మాట: "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్", అంటే ఆ పోర్టు ఇప్పటికే వాడకంలో ఉందని. వెళ్లేముందు ఆ ప్రాసెస్ ఆపితే ఏం పోయింది?

ఇదొక్కటేనా? డిస్క్ నిండా పాత డాకర్ ఇమేజ్‌లు, అంటే ప్రోగ్రాంని దానికి కావలసినవాటితో సహా కట్టిపెట్టిన మూటలు. ఎవరివని అడిగితే ఒక్కరూ పలకరు. బుకింగ్ షీట్ ఉంది, అందులో పేరు రాసేవాళ్లే లేరు.

ఇక డేటాబేస్. అన్ని టీములకూ ఒకటే స్కీమా, అంటే ఒకటే టేబుళ్ల సెట్టు! నా టెస్టు ఒక ఆర్డర్ సృష్టించి, దాన్ని తిరిగి చదివేలోపే ఇంకో టీమ్ క్లీనప్ స్క్రిప్ట్ వచ్చి టేబుల్ మొత్తం ఖాళీ చేసేస్తుంది. నాకొచ్చేది 404, అంటే "అడిగింది దొరకలేదు" అనే ఎర్రర్. ఆ 404 ఎందుకొచ్చిందో తెలుసుకోవడానికి సగం రోజు లాగులు తవ్వాలి. ఒక్కో రన్‌కి విడిగా స్కీమా పెట్టి, దాని పేరు చివర బిల్డ్ నంబర్ (కోడ్ తయారైన ప్రతిసారీ వచ్చే వరస సంఖ్య) తగిలించడం అంత కష్టమా?

అడిగితే "మళ్లీ రన్ చెయ్యండి, పాసవుతుంది" అంటారు. ఒళ్లు మండేది ఆ మాటకే! ఏమీ మార్చకుండా రెండోసారి పాసయ్యే టెస్టుని నమ్మి రిలీజ్‌కి ఎలా ఓకే చెప్పాలి? నిజమైన బగ్ దొరికినా "ల్యాబ్ సమస్యేలే" అని దాటేస్తారు. మొన్న దాటేశారు కూడా.