మోజీకి ఒక్క వాక్యమేనా?

ఇప్పుడే ఒక ఆన్‌లైన్ ప్రసంగం విని లేచాను. ఒళ్ళు మండిపోతోంది. విషయం ప్రాచీన చైనా తత్వశాఖలు. మొదటి నుంచి చివరి దాకా కన్ఫ్యూషియస్ నామజపమే. మధ్యలో కాసేపు లావోజీ, నీటి మెత్తదనం, అంతే. సమయం అయిపోవస్తుండగా హడావుడిగా ఒక వాక్యం: "మోజీ అనే ఆయన అందరినీ సమానంగా ప్రేమించమన్నాడు, అది జరిగే పని కాదు కాబట్టి ఆ శాఖ అంతరించింది." దీని గురించే ప్రశ్న రాసి పంపితే, "అది చిన్న శాఖ, మరోసారి చూద్దాం" అని దాటేశారు.

చిన్న శాఖా? మోజీ అంటే గిట్టని, కన్ఫ్యూషియస్ మార్గంలో నడిచిన మెన్షియస్ ఏమని వాపోయాడు? యాంగ్ జూ అనే ఇంకో తత్వవేత్త, మోజీ, ఈ ఇద్దరి మాటలతో లోకం నిండిపోయిందని. మోజీని ఏమాత్రం లెక్కచేయని, కఠిన చట్టాలతోనే పాలించాలన్న హాన్ ఫెయి ఏమన్నాడు? తన కాలంలో పేరుమోసిన శాఖలు రెండే, ఒకటి కన్ఫ్యూషియస్‌ది, రెండోది మోజీది అని. ప్రత్యర్థులే ఒప్పుకున్న మాట ఇది. అయినా ఈనాటి వక్తకు అది చిన్న శాఖ.

అసలు మోజీ ఏం చేశాడో ఆ వక్త ఎప్పుడైనా చదివారా? చూ అనే పెద్ద రాజ్యం సోంగ్ అనే చిన్న రాజ్యం మీద దండెత్తడానికి సిద్ధమైంది. గోంగ్‌షు బాన్ అనే గొప్ప వడ్రంగి కోటగోడలు ఎక్కడానికి ఎత్తైన నిచ్చెనలు తయారుచేసి పెట్టాడు. ఆ కబురు విన్న మోజీ పది పగళ్ళు, పది రాత్రులు నడిచి చూ రాజధాని యింగ్ చేరుకున్నాడు. రాజు ఎదుట తన నడుముకున్న పటకా విప్పి నేల మీద పరిచాడు. అదే కోటగోడ. చిన్న చిన్న చెక్కముక్కలే యంత్రాలు. గోంగ్‌షు బాన్ తొమ్మిది రకాలుగా దాడి చేశాడు, తొమ్మిదింటినీ మోజీ తిప్పికొట్టాడు. వడ్రంగి దగ్గర ఎత్తులు అయిపోయాయి, మోజీ దగ్గర ఇంకా మిగిలే ఉన్నాయి. నిన్ను ఓడించే దారి ఒకటి నాకు తెలుసు, కానీ చెప్పను అన్నాడు గోంగ్‌షు బాన్. అదేమిటో నాకూ తెలుసు, నేనూ చెప్పను అన్నాడు మోజీ. ఏమిటని రాజు అడిగితే మోజీయే చెప్పాడు: నన్ను ఇక్కడే చంపేయడం. కానీ నా శిష్యులు మూడు వందల మంది ఇప్పటికే నా యంత్రాలతో సోంగ్ కోటగోడ మీద నిలబడి ఉన్నారు, నన్ను చంపినా వాళ్ళను తుడిచిపెట్టలేరు. రాజు దండయాత్ర మానుకున్నాడు. తిరుగు దారిలో సోంగ్ మీదుగా వెళ్తుంటే వాన పట్టుకుంది. తలదాచుకుందామని ఒక వాడ గుమ్మం దగ్గరికి వెళ్తే కాపలావాడు లోపలికి రానివ్వలేదు. ఆ ఊరిని కాపాడి వస్తున్న మనిషిని!

జరిగే పని కాదని ఎవరన్నారు? జరిపించి చూపించాడు కదా ఆయన!

ఆయన వాదన ఎంత సూటిగా ఉంటుందో చూడండి. ఒకడు పక్కవాడి తోటలో దూరి పండ్లు దొంగిలిస్తే తప్పంటాం. కోళ్ళను, పందులను ఎత్తుకుపోతే ఇంకా పెద్ద తప్పంటాం. ఎద్దును, గుర్రాన్ని తోలుకుపోతే అంతకన్నా పెద్ద తప్పు. ఒక మనిషిని చంపితే ఒక మరణశిక్షకు తగిన నేరం, పది మందిని చంపితే పది రెట్లు. మరి ఒక రాజ్యం ఇంకో రాజ్యం మీద పడి వేల మందిని చంపితే? దాన్ని తప్పు అనకపోగా ధర్మమంటూ పొగిడి, రాబోయే తరాల కోసం గ్రంథాల్లో రాసి దాస్తారు. రెండువేల నాలుగు వందల ఏళ్ళ కిందట అడిగిన ప్రశ్న ఇది. ఈరోజుకీ దీనికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఖరీదైన అంత్యక్రియలతో కుటుంబాలు దివాలా తీస్తున్నాయని, మూడేళ్ళ సంతాపంతో మనుషులు కర్ర లేకుండా నిలబడలేనంత నీరసించిపోతున్నారని చెప్పింది కూడా ఈయనే. మూడు అంగుళాల మందం చెక్కపెట్టె చాలు, పాతిపెట్టి పనిలోకి వెళ్ళండి అన్నాడు. ఇలాంటి మనిషికి, అందరినీ సమానంగా ప్రేమించమన్నందుకు మెన్షియస్ ఇచ్చిన బిరుదు ఏమిటి? తండ్రి విలువ తెలియని పశువు! వాదనకు బదులుగా తిట్టు. ఆ తిట్టునే పండితులు తరతరాలుగా మోసుకొచ్చారు.

మన లోకాయతుల (చార్వాకుల) మాటలను ప్రత్యర్థులు రాసిన ఖండనల్లో వెతుక్కోవాలి, వేరే గతి లేదు. మోజీ విషయంలో ఆ సాకు కూడా లేదు. 71 అధ్యాయాల్లో 53 మిగిలే ఉన్నాయి. కోట రక్షణ యంత్రాలున్నాయి, తర్కం ఉంది, చిన్న రంధ్రం గుండా వెళ్ళిన వెలుతురు బొమ్మను తలకిందులుగా ఎందుకు చూపిస్తుందో కూడా ఉంది. అందుకే 2016లో చైనా పంపిన క్వాంటం ఉపగ్రహానికి ఆయన పేరు పెట్టారు. చదవకపోవడం మన బద్ధకం, మోజీ చిన్నతనం కాదు.

ఆ శాఖ అంతరించింది ప్రేమ అసాధ్యం కావడం వల్ల కాదు. క్రీ.పూ. 221 నాటికి చిన్ రాజ్యం మిగతా రాజ్యాలన్నిటినీ మింగేసింది, ఇక కాపాడడానికి చిన్న రాజ్యాలే మిగల్లేదు. తర్వాత హాన్ చక్రవర్తి వూ క్రీ.పూ. 136లో కన్ఫ్యూషియన్లు నెత్తిన పెట్టుకున్న ఐదు గ్రంథాలకే కొలువులో ఆచార్య పదవులు ఇచ్చాడు. పదవి ఎటుంటే చదువు అటు పోయింది.

చిన్ అంటే గుర్తొచ్చింది. ప్రసంగం పక్కన వ్యాఖ్యల్లో ఒకరు "చట్టవాదుల్లాంటి పాలన వస్తేనే మనం బాగుపడతాం" అని రాస్తే, అవునవునంటూ ఎంతమంది తలూపారో! చట్టవాదులంటే కఠిన శిక్షలతోనే రాజ్యం నిలుస్తుందన్న షాంగ్ యాంగ్, హాన్ ఫెయి, లీ సీ లాంటివాళ్ళు. ఇది ఇవాళ పుట్టిన కోపం కాదు నాకు. పెళ్ళి పందిట్లో, రైల్లో, ఆఫీసు శిక్షణ తరగతుల్లో ఎన్నేళ్ళుగానో వింటున్న మాట ఇది. క్రమశిక్షణట. మంత్రి షాంగ్ యాంగ్ చిన్ రాజ్యంలో ఇళ్ళను ఐదేసి, పదేసి చొప్పున గుంపులుగా కట్టి ఒకరి మీద ఒకరిని కాపలా పెట్టాడు. పక్కింటి నేరస్థుడి గురించి చెప్పకపోతే నడుము దగ్గర రెండుగా నరికించాడు. ఇదా మీకు కావలసిన క్రమశిక్షణ? మీ పక్కింటివాళ్ళ చేతిలో మీ ప్రాణం పెడతారా?

తనను పోషించిన ప్రభువు క్రీ.పూ. 338లో చనిపోగానే ఆ షాంగ్ యాంగ్ మీదే రాజద్రోహం మోపారు. పారిపోతూ సరిహద్దు దగ్గర ఒక సత్రంలో చోటు అడిగాడు. ఆయన ఎవరో తెలియని సత్రం యజమాని ఏమన్నాడంటే, గుర్తింపు లేనివాళ్ళకు చోటిస్తే షాంగ్ ప్రభువు (అంటే ఈయనే) చట్టం ప్రకారం మాకూ శిక్ష పడుతుంది, వెళ్ళిపొమ్మని. చివరికి ఆయన శరీరాన్ని రథాలకు కట్టి చీల్చారు, కుటుంబాన్ని మొత్తం చంపారు. హాన్ ఫెయి చిన్ రాజు చెరసాలలో విషం తాగి చచ్చాడు. ఆ విషం పంపింది తనతో కలిసి షుంజీ అనే గురువు దగ్గర చదువుకున్న, చిన్ కొలువులోని లీ సీ. పుస్తకాలు తగలబెట్టించిన ఆ లీ సీని క్రీ.పూ. 208లో నడుము దగ్గర నరికారు. వాళ్ళు కట్టిన సామ్రాజ్యం పదిహేనేళ్ళు నిలిచింది.

ఈ చట్టవాదుల కథలన్నీ హాన్ కాలపు చరిత్రకారుడు సీమా చియాన్ రాసిన చరిత్రలో ఉన్నాయి, రహస్యం ఏమీ కాదు. కోటగోడ ఎక్కి నిలబడ్డ మూడు వందల మంది అసాధ్యం, పక్కింటివాడిని పట్టివ్వకపోతే నరికేయడం ఆదర్శం అని మళ్ళీ ఎవరైనా నా ముందు అంటే ఊరుకోను. ముందు ఆ సత్రం కథ చదివి రండి. అప్పుడు మాట్లాడదాం.