కుంటి పుంజుకి మా వీధి మెడికల్ బోర్డు

మంగళవారం పొద్దున మా డేగ పుంజు కుడికాలు నేలకి ఆనించకుండా కొంగలాగా నిలబడింది. తొమ్మిదింటికల్లా మా అరుగు మీద ఏడుగురు స్పెషలిస్టులు చేరారు. ఏ కార్పొరేట్ ఆస్పత్రిలో జరుగుతుందండీ ఇది, అక్కడ ఒక్క స్పెషలిస్టు మొహం కనపడాలంటే ముందు కౌంటర్లో డబ్బు కట్టాలి, టోకెన్ తీసుకోవాలి, గోడ మీద టీవీలో ఒక సీరియల్ మొత్తం చూడాలి. ఇక్కడ ఫీజు కప్పు టీ. పంచదార కాస్త ఎక్కువ, అంతే.

పక్కింటి పిన్ని దిష్టి అని తేల్చేసింది, ఎదురింటి కోడలు నిన్న సాయంత్రం "అబ్బ ఎంత నున్నగా ఉందండీ మీ పుంజు" అందట. బాబాయ్ వాతం అన్నాడు, ఆయన మోకాలి నొప్పికి కారణం వాతమే కాబట్టి ఈ జిల్లాలో ఎవరి కాలు నొప్పెట్టినా అదే కారణం. రిటైరైన మాస్టారు ఇది కచ్చితంగా బర్డ్ ఫ్లూ అని ముక్కుకి తువ్వాలు కట్టుకున్నారు, టీ మాత్రం తువ్వాలు కిందనుంచి తాగారు. ఒక కుర్రాడు పారాసెటమాల్ బిళ్ళ నలిపి పొయ్యమన్నాడు. ఇంకొకాయన వెల్లుల్లి, మిరియాలు, పసుపు నూరి ముద్ద చేసి మింగించమన్నాడు, ఇంకొకాయన అందులో కాస్త అల్లం కలిపితే మంచిదన్నాడు, వాళ్ళావిడ ధనియాలు కూడా అంది, అక్కడితో నేను చర్చ ఆపించా, ఇంకొక్క దినుసు కలిస్తే పుంజు పొయ్యి మీద ఉండేది. మన కోడి వైద్యంలో గొప్పదనం అదే, మందూ కూరా ఒకే రోలు దగ్గర మొదలవుతాయి, ఎక్కడ విడిపోతాయో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

ఏడుగురిలో ఒక్కరు కూడా పుంజుని పట్టుకుని కాలు తిప్పి చూడలేదు.

అలాగని మనకి శాస్త్రం తెలీదనుకునేరు. డేగ, కాకి, నెమలి అని ఈకల రంగుని బట్టి పుంజులకి పేర్లు, అందులో డేగ ఏ వారం గెలుస్తుంది, కాకిని ఏ దిక్కున వదలాలి, నెమలి మీద ఏది ఓడుతుంది, ఇవన్నీ కోడిపందేల కోసం రాసిన కుక్కుట శాస్త్రంలో ఉన్నాయి, సంక్రాంతి ముందు మా గోదావరి జిల్లాల్లో పదో తరగతి తప్పినవాడు కూడా గడగడా చెప్తాడు. బరిలోకి దిగే పుంజుకి బాదంపప్పు, మటన్ ఖీమా, ఉడకబెట్టిన గుడ్డు, చెరువులో ఈత, ఒంటికి కాపడం. అది తుమ్మితే యజమాని ఆఫీసుకి సెలవు పెడతాడు. అదే పెరటి పుంజు కాలు ఈడిస్తే "ఆదివారం దాకా చూద్దాంలే" అంటాడు. ఎందుకు ఆదివారమో పుంజుకి తప్ప అందరికీ తెలుసు.

మూడోరోజు పశువుల ఆస్పత్రి కంపౌండర్ మా వీధిలో గేదెకి సూది వేసి వెళ్తూ, అరుగు మీద బోర్డు మీటింగ్ చూసి ఆగాడు. రెక్కలు దగ్గరకి చేర్చి పుంజుని చంకలో పెట్టుకుని కాలు తిప్పాడు. అరికాలి మధ్యలో మిరియం గింజంత నల్లటి చెక్కు, చుట్టూ వాపు, ముట్టుకుంటే వేడి.

"రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటదండీ?"

సన్‌షేడ్ మీద.

"పొద్దున్నే ఎక్కడికి దూకుద్ది?"

గచ్చు మీదకి. కాళ్ళకి బురద అంటకూడదని రెండేళ్ళ కింద పెరడంతా సిమెంటు చేయించింది నేనే. బురదైతే అంటలేదు. నాలుగు కిలోల శాల్తీ రోజూ అంత ఎత్తునుంచి దబ్బున దూకితే అరికాలు చిట్లి, స్టెఫైలోకోకస్ అనే బ్యాక్టీరియా లోపలికి దూరి చీము గట్టిపడిందట. బంబుల్‌ఫుట్ అంటారంట, మనిషికొచ్చే ఆనెకాయలా ఉంటుంది గానీ లోపల పుండు. గోరువెచ్చటి నీళ్ళలో ఎప్సమ్ సాల్ట్ వేసి కాలు నానబెట్టి, బెటాడిన్ రాసి కట్టు కట్టి, పొడిగడ్డి మీద ఉంచమన్నాడు. తగ్గకపోతే డాక్టరే కోసి తియ్యాలి, మీరు బ్లేడు పట్టుకోవద్దు, ఆ బ్యాక్టీరియా మీ చేతి గాయంలోకి కూడా వస్తుంది, కట్టు మార్చేటప్పుడు గ్లౌజులేసుకోండి అని కూడా చెప్పాడు. బేసిన్లో కాలు పెట్టుకుని దర్జాగా కూర్చున్న పుంజుని చూసి బాబాయ్ తనకీ ఒక బేసిన్ తెమ్మన్నాడు.

వెళ్ళేముందు అన్ని కుంట్లూ ఇలాంటివే అనుకోకండన్నాడు. కుర్రకోడి ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ చాపి పడిపోతే అది మారెక్స్ అయ్యుండొచ్చంట, వైరస్, నరాల మీద పడుతుంది. 1907లో హంగరీలో జోసెఫ్ మారెక్ అనే పశువుల డాక్టరు కాళ్ళు పడిపోయిన నాలుగు పుంజుల్ని చూసి, నరాలు వాచాయని రాసి శాస్త్రంలో పేరు తెచ్చుకున్నాడు. మా వీధిలో ఇన్నేళ్ళలో ఎన్ని పడ్డాయో, పులుసు తప్ప ఒక్క ముక్క రాసినోడు లేడు. హేచరీ పిల్లలకైతే పుట్టిన రోజే దానికి టీకా వేస్తారు, పెట్ట కింద పొదిగిన మన పిల్లలకి ఎవడేస్తాడు.

ఇక రాత్రి గింజలు తిని పడుకుని తెల్లారేసరికి మెడ మెలి తిరిగి, పచ్చగా పారుకుంటూ, నోరు తెరిచి ఆయాసపడే కోడి. మన కొక్కెర తెగులు. దీన్నే రాణిఖేత్ అంటారు, ఉత్తరాఖండ్‌లో కొండ మీద ఊరి పేరు, జనం చల్లగా ఉంటుందని టికెట్లు కొనుక్కుని వెళ్తారు, మన కోళ్ళు ఏ ఊరూ వెళ్ళకపోయినా ఆ ఊరే పెరట్లోకొస్తుంది. వచ్చాక మందు లేదు. ముందే మొదటి వారంలో లసోటా అనే టీకా చుక్క కంట్లోనో ముక్కులోనో వెయ్యాలి, 8 వారాలకి ఆర్‌టూబీ అనే టీకా సూది. ఇంతేనా అనిపిస్తుంది కదా. చిక్కల్లా సీసా దగ్గర, అది 100 కోళ్ళకి సరిపడా వస్తుంది, కలిపాక ఐసులో పెట్టి గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. నా దగ్గరున్నవి ఆరు. మిగతా 94 డోసులకి వీధంతా ఒకే రోజు కోళ్ళు పట్టుకుని రావాలి. మురుగు కాలవ కోసమే కలవని వీధి ఇది, కోడి కంట్లో చుక్క కోసం కలుస్తుందా.

వీధి కలిసేది వేరే చోట, సంతలో. ఒక కోడి తూలగానే మిగతావాటిని బుట్టలో కుక్కి సగం రేటుకి అమ్మేస్తారు, కొన్నవాడు బేరం తగిలిందని సంబరపడతాడు, తెగులు బుట్టకీ చెప్పులకీ సైకిల్ టైరుకీ అంటుకుని ఫ్రీగా నాలుగు ఊళ్ళు తిరుగుతుంది. చచ్చినవి గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలంటారు గానీ గొయ్యి తవ్వాలంటే కూలి, కాలవైతే అందరిదీ. 2025 ఫిబ్రవరిలో మా చుట్టుపక్కలే, వేల్పూరు, కానూరు ఫారాల్లో నిజంగానే బర్డ్ ఫ్లూ వచ్చింది చూడండి, అప్పుడు ఈ మాస్టారే "అంతా టీవీవాళ్ళ గోలయ్యా" అని కోడి సగం రేటుకొస్తోందని రెండు కిలోలు తెప్పించుకున్నారు.

రెండు వారాలకి మా డేగ కాలు ఆనించింది. దిష్టి తీసింది తనే కాబట్టి గుణం కనిపించిందని పిన్ని, వాతం తైలం రాత్రిపూట తను రహస్యంగా రాశానని బాబాయ్, వెల్లుల్లి ముద్ద తనే పెట్టానని ఇంకొకాయన. కంపౌండర్ పేరు ఎవరూ ఎత్తలేదు. పడుకోడానికి అడుగు ఎత్తులో కర్ర కట్టించాను, దాని మీద పెట్టలు పడుకుంటున్నాయి, వీడు మాత్రం నిన్న రాత్రి మళ్ళీ సన్‌షేడ్ ఎక్కాడు. ఇంక గచ్చు పగలగొట్టించడమే దారి అని మేస్త్రీకి ఫోన్ చేస్తుంటే పిన్ని పరిగెత్తుకొచ్చి ఆపింది. శూన్యమాసం అంట, గడప లోపల సుత్తి దెబ్బ పడకూడదంట.