జలాంతర్గామి కన్నా బంతి చవక

ఆస్ట్రేలియా అణుశక్తితో నడిచే జలాంతర్గాములు సమకూర్చుకుంటోంది. 2023లో చెప్పిన అంచనా 268 నుంచి 368 బిలియన్ ఆస్ట్రేలియన్ డాలర్లు. మొదటిది చేతికి రావాలంటే 2030లు రావాలి. మరి ఈలోపు పసిఫిక్ సముద్రాన్ని ఎవరు కాపాడతారు? పదమూడుమంది కాపాడతారు. పొట్టి నిక్కర్లేసుకుని, కొబ్బరికాయ ఆకారంలో ఉన్న బంతి చంకలో పెట్టుకుని.

నవ్వకండి, ఇది ప్రభుత్వ విధానం. 2024 డిసెంబరు 12న ఆస్ట్రేలియా ప్రధాని ఆంథొనీ అల్బనీజ్, పపువా న్యూ గినీ ప్రధాని జేమ్స్ మరాపే సిడ్నీలో పక్కపక్కన నిలబడి ప్రకటించారు. పదేళ్ళలో 600 మిలియన్ డాలర్లు, 2028 నుంచి ఎన్‌ఆర్ఎల్‌లో, అంటే ఆస్ట్రేలియా రగ్బీ లీగ్‌లో అన్నిటికన్నా పై మెట్టు మీద, పపువా న్యూ గినీకి ఒక జట్టు. నేను లెక్కేశాను. జలాంతర్గాముల పై అంచనా డబ్బుతో ఇలాంటి జట్లు ఆరువందలకు పైగా వస్తాయి. పసిఫిక్‌లో అన్ని దేశాలు లేవు, అదొక్కటే ఇబ్బంది.

ఈ మహత్తర దౌత్యానికి విత్తనం ఎక్కడ పడిందో విదేశాంగ నిపుణులెవరూ చెప్పరు, ఎందుకంటే వాళ్ళు 2017 క్వీన్స్‌ల్యాండ్ కప్, అంటే ఎన్‌ఆర్ఎల్‌కి కింద మెట్టు పోటీ, చూడలేదు. నేను చూశాను. బ్రిస్బేన్‌లో ఉంటూ, వారాంతం వేరే పనేమీ లేనివాణ్ణి కాబట్టి టీవీలో చూశాను. కనుక ఈ విషయంలో నన్ను నిపుణుడిగా పరిగణించవచ్చు.

ముందు ఆట సంగతి. మా మావయ్య తెనాలి దగ్గర పల్లెలో ఉంటాడు. ఒకప్పుడు కబడ్డీ బాగా ఆడేవాడు, ఇప్పుడు మోకాళ్ళు ఆడట్లేదు. ఊళ్ళో కుర్రాళ్ళ కబడ్డీ కోర్టుకి లైట్లు వేయించాలని పన్నెండేళ్ళుగా అర్జీలు పెడుతున్నాడు. ఓసారి వీడియో కాల్లో నా వెనక టీవీ కనపడి, "ఏంట్రా అబ్బాయ్ ఆ కుమ్ములాట?" అన్నాడు.

"రగ్బీ లీగ్ మావయ్యా. బంతి పట్టుకున్నవాణ్ణి పట్టి పడెయ్యాలి. వాడు లేచి బంతిని కాలితో వెనక్కి తోస్తే ఆట మళ్ళీ మొదలవుతుంది. అలా ఆరుసార్లు పట్టుబడ్డారంటే బంతి అవతలివాళ్ళకి ఇచ్చెయ్యాలి."

"ఇచ్చేస్తారా? గొడవ లేకుండా?"

"ఇచ్చేస్తారు."

మావయ్య కాసేపు మాట్లాడలేదు. పంచాయతీ ఎన్నికలు చాలా చూసిన మనిషి, నమ్మబుద్ధి కాలేదనుకుంటా. చేత్తో పాస్ ఇస్తే వెనక్కే ఇవ్వాలని, ముందుకి ఇస్తే తప్పని చెప్పాక మాత్రం, "అట్టా చెప్పు, మన అర్జీలు నడిచే పద్ధతేగా" అన్నాడు. ఆటంతా ఆయనకి అర్థమైపోయింది.

ఈ ఆట పుట్టిందే కూలి తగాదాలో. 1895లో ఇంగ్లండ్ ఉత్తరాన గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్ళు శనివారం మ్యాచ్ ఆడితే ఆ పూట కూలి పోయేది. ఆ కూలి మేమిస్తామని ఉత్తరాది క్లబ్బులంటే, ఆటకి డబ్బులేంటి ఛీ అని పెద్దమనుషుల రగ్బీ సంఘం ముక్కు చిట్లించింది. దాంతో హడర్స్‌ఫీల్డ్‌లో ఒక హోటల్లో కూర్చుని క్లబ్బులు వేరుకుంపటి పెట్టుకున్నాయి. ఒక్కపూట కూలి కోసం చీలిపోయిన ఆటకి ఇవాళ 600 మిలియన్లు. ఓపిక పట్టాలి, అంతే.

ఇక క్వీన్స్‌ల్యాండ్ కప్. 1996లో మొదలైంది. పేరు చూసి ఇది క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రం పోటీ అనుకునే అమాయకులు ఉంటారు. 2017లో ఆడిన పద్నాలుగు జట్లలో ట్వీడ్ హెడ్స్ జట్టుది పక్క రాష్ట్రమైన న్యూ సౌత్ వేల్స్ (సరిహద్దు వీధి మధ్యలోంచి పోతుంది, వేసవిలో రోడ్డు దాటితే గడియారం గంట మారుతుంది). ఆ జట్టు పేరు సీగల్స్. విన్నమ్ మ్యాన్లీ అనే ఇంకో జట్టు ఉంది, దాని పేరూ సీగల్సే. ఈ రెండూ తలపడితే సీగల్స్ గెలిచాయని ముందే రాసిపెట్టుకోవచ్చు, విలేకరికి శ్రమ ఉండదు. మకర రేఖ దగ్గరి ఊరు కాబట్టి ఒక జట్టు పేరు క్యాప్రాస్, చెరకు పండే ఊరు కాబట్టి మకాయ్ జట్టు పేరు కట్టర్స్, అంటే చెరకు నరికేవాళ్ళు. పద్నాలుగోది ఒక దేశం.

మళ్ళీ చదవండి. దేశం.

నేపాల్ దేశమంతా కలిసి ఒక జట్టు కట్టి, బిహార్ రాష్ట్రంలో జరిగే పోటీలో ముజఫర్‌పూర్ మీద, దర్భంగా మీద ఆడుతోందనుకోండి. అదీ రంజీ స్థాయి కూడా కాదు, దాని కింద మెట్టు. సరిగ్గా అలాగే 2014 నుంచి పపువా న్యూ గినీ హంటర్స్ ఈ పోటీలో ఆడుతున్నారు. ఎనిమిది వందలకు పైగా భాషలున్న దేశం, రగ్బీ లీగ్‌ని జాతీయ క్రీడగా పెట్టుకున్న ఏకైక దేశం, 1975 సెప్టెంబరు 16 దాకా ఆస్ట్రేలియా పాలనలో ఉన్న దేశం. స్వాతంత్ర్యం వచ్చి నలభై ఏళ్ళు కావస్తుంటే పాత యజమాని పిలిచి, పాపం అంత ఇష్టపడుతున్నారు కదా, రండి, మా వంటింటి గుమ్మం దగ్గర పీట వేస్తాం అన్నాడు. పడమటింట్లో పంక్తి సాగుతూనే ఉంది, ఆ వాసనలు వస్తూనే ఉన్నాయి.

ఈ గుమ్మం పోటీకి స్పాన్సర్ల చరిత్ర విడిగా పాఠ్యాంశం కావలసింది. ఒకప్పుడు రమ్ము కంపెనీ పేరు మీద కప్పు. తర్వాత ఇంటి రుణాల కంపెనీ. 2017లో ఇంట్రస్ట్ సూపర్ అనే పెన్షన్ ఫండ్. ఇప్పుడూ ఇంకో పెన్షన్ ఫండే. తాగడం, అప్పు చేసి ఇల్లు కట్టడం, రిటైరవడం. మగవాడి జీవితం మొత్తం ఒక్క ట్రోఫీ మీద చెక్కారు. ఎముకలు విరగ్గొట్టుకునే ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకి పెన్షన్ గురించి చెప్పాల్సిన అవసరం ఎంతుందో ఆ ఫండు వాళ్ళకి తెలిసినంతగా ఎవరికి తెలుసు. హంటర్స్ చొక్కా మీద మాత్రం ఎస్పీ అని ఉండేది. పోలీసు శాఖ వారి జట్టని మావయ్య చాలా గౌరవించాడు. సౌత్ పసిఫిక్ బ్రూవరీ, బీరు కంపెనీ అని చెప్పాక గౌరవం తగ్గలేదు, పెరిగింది.

మిగతా జట్లలో చాలావాటికి పైన ఒక యజమాని ఉంటాడు. ఎన్‌ఆర్ఎల్ క్లబ్బు. ప్రతి మంగళవారం పై క్లబ్బు జట్టు ప్రకటిస్తుంది. అక్కడెవరికో మోకాలు పట్టేస్తే ఇక్కడివాడికి ప్రమోషన్, అక్కడివాడు సరిగ్గా ఆడకపోతే ఇక్కడికి డిమోషన్, ఆ దిగొచ్చినవాడి కోసం నాలుగు వారాలుగా ఆడుతున్న ఎలక్ట్రీషియనో ప్లంబరో పక్కన కూర్చోవాలి. కోచ్ సోమవారం వేసిన ప్లానుకి బుధవారం అర్థం ఉండదు. 2017లో సన్‌షైన్ కోస్ట్ ఫాల్కన్స్‌కి యజమాని మెల్‌బోర్న్ స్టార్మ్. మధ్యలో ఇంకో రాష్ట్రం మొత్తం అడ్డంగా ఉంది, అయినా సరే. ఊరికీ జట్టుకీ సంబంధం ఉండాలన్నది మన చాదస్తం. మన దగ్గర మాత్రం? 2025లో వచ్చిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అని జట్టు ఉంది (అది ఏడుగురు ఆడే వేరే రగ్బీ), ఆ సీజన్ మ్యాచ్‌లన్నీ ముంబైలో జరిగాయి. హీరోలు హైదరాబాద్‌కి రావాలంటే టికెట్ కొనుక్కుని రావాలి.

హంటర్స్‌కి పైన యజమాని లేడు. ఎవరూ దిగిరారు, ఎవరూ పైకి పోరు. పక్క జట్లు దీన్ని లోపం అనుకున్నాయి. కానీ వారం వారం అదే పదిహేడుమంది (పదమూడుమందికి తోడు మార్పు ఆటగాళ్ళు నలుగురు) అటూ ఇటూగా కలిసి ఆడితే ఏమవుతుందో 2017లో తెలిసింది. మైకేల్ మారమ్ కోచ్, ఆసే బోవాస్ కెప్టెన్. మొదటి రెండేళ్ళు వీళ్ళ సొంత మైదానం కోకోపోలో. 1994లో అగ్నిపర్వతం పేలి రబౌల్ బూడిదలో కూరుకుపోతే, ఆ రాష్ట్ర రాజధాని అక్కణ్ణుంచి మారి వచ్చిన ఊరది. 2016 నుంచి దేశ రాజధాని పోర్ట్ మోర్స్‌బీలో కొత్త స్టేడియం. అక్కడికి ఆడటానికి బ్రిస్బేన్ కుర్రాళ్ళు మూడు గంటలు విమానంలో వెళ్ళి, ఆ ఉక్కలో, ఆ అరుపుల్లో ఎనభై నిమిషాలు పరిగెత్తాలి. సోమవారం పొద్దున్నే మళ్ళీ వైర్లు బిగించుకునే ఉద్యోగాలు.

సీజన్ పట్టికలో హంటర్స్ మొదటి స్థానం. సెప్టెంబరు 24, ఆదివారం, స్వాతంత్ర్య దినం అయిన ఎనిమిది రోజులకి, బ్రిస్బేన్ సన్‌కార్ప్ స్టేడియంలో ఫైనల్. ఎదురుగా ఫాల్కన్స్. ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా నాకు ఇక్కడ వ్యంగ్యం రాదు, క్షమించాలి. మ్యాచ్ చివరికొచ్చేసినా హంటర్స్ వెనకబడే ఉన్నారు. ఆ ఆఖరి నిమిషాల్లో విల్లీ మినోగా గీత దాటి బంతి నేలకి ఆనించాడు, దాన్నే ట్రై అంటారు. 12-10. నేను సోఫాలోంచి లేచి అరిస్తే మా ఆవిడ ఇండియాలో ఎన్నికల ఫలితాలొచ్చాయా అని అడిగింది. ఒక దేశం ఒక రాష్ట్రం తాలూకు రెండో తరగతి కప్పు గెలిచి ఏడ్చింది. ఆ ఏడుపులో ఎక్కడా రెండో తరగతి లేదు.

సరే, వ్యంగ్యంలోకి వద్దాం. గెలిచినవాళ్ళకి బహుమతి ఏమిటంటే వారం తిరిగేసరికి ఇంకో మ్యాచ్. అక్టోబరు 1న, సిడ్నీలో, న్యూ సౌత్ వేల్స్ ఛాంపియన్లతో. వాళ్ళెవరు? పెన్రిత్ పాంథర్స్. సిడ్నీ శివారు క్లబ్బు, అదీ దాని రిజర్వు జట్టు. 42-18తో వాళ్ళే గెలిచారు. ఒక దేశాన్ని ఒక శివారు తాలూకు అదనపు ఆటగాళ్ళు ఓడించారన్నమాట. సార్వభౌమత్వం గురించి సిద్ధాంత గ్రంథాలు రాసేవాళ్ళు దయచేసి ఈ స్కోరు గమనించాలి.

మరి కప్పు గెలిచింది కదా, పై మెట్టుకి ప్రమోషన్ ఇచ్చారా? ఆటలో గెలిస్తే పైకి తీసుకెళ్ళే పద్ధతి ఇక్కడ లేదు. మార్కెట్ చూడాలి, టీవీ హక్కులు చూడాలి, పోర్ట్ మోర్స్‌బీలో భద్రత చూడాలి, ఆటగాళ్ళ కుటుంబాలు వస్తాయో రావో చూడాలి. చూస్తూనే ఉన్నారు. 2020లో కొవిడ్ వచ్చి ఒక్క రౌండుతో సీజన్ ఆగిపోయింది. 2021లో సరిహద్దులు మూస్తే హంటర్స్ ఇల్లొదిలి సీజన్ మొత్తం గోల్డ్ కోస్ట్‌లో ఉండి ఆడారు. ఇన్ని చేసినా పీట గుమ్మం దగ్గరే.

2022 ఏప్రిల్‌లో పక్క దేశం సోలమన్ దీవులు చైనాతో భద్రతా ఒప్పందం చేసుకుంది. అంతే. మినోగా కొట్టిన ట్రై వల్ల కాని పని ఒక్క సంతకం చేసింది. మార్కెట్ బాగుంది, టీవీ బాగుంది, భద్రతా పర్లేదు. ఆటగాళ్ళు రారేమో అన్న బెంగకి వాళ్ళ జీతాల మీద ఆదాయపు పన్ను ఎత్తేసేలా పపువా న్యూ గినీ చట్టమే చేసింది. ఆస్పత్రిలో నర్సు పన్ను కడుతుంది, వింగర్ కట్టడు. దేశ రక్షణ బాధ్యత ఎవరి భుజాల మీద ఉందో చూస్తే ఇందులో అన్యాయమేమీ కనపడదు. ఒప్పందంలో అసలు షరతు చైనాకి తలుపు తీయకపోవడమేనని పత్రికలు రాశాయి. 2025 అక్టోబరులో రెండు దేశాలూ పుక్‌పుక్ అనే రక్షణ ఒప్పందం మీద సంతకాలు కూడా చేశాయి. టోక్ పిసిన్ భాషలో పుక్‌పుక్ అంటే మొసలి. అదే నెలలో కొత్త జట్టుకి చీఫ్స్ అని పేరు పెట్టారు. నన్నడిగితే పేర్లు తారుమారయ్యాయి. మొసలి పేరు జట్టుకి, చీఫ్స్ పేరు ఒప్పందానికి నప్పేవి.

హంటర్స్ మాత్రం క్వీన్స్‌ల్యాండ్ కప్‌లోనే ఉన్నారు. ఇప్పుడు వాళ్ళకీ పైన ఒక యజమాని వస్తాడు కాబట్టి, చీఫ్స్‌లో ఎవరికైనా మోకాలు పట్టేస్తే వీళ్ళకీ మంగళవారం ప్రమోషన్లు ఉంటాయని ఆశించవచ్చు. ఇన్నాళ్ళూ కలిసి ఆడి గెలిచే దుస్థితి తప్పుతుంది.

ఇదంతా మావయ్యకి ఫోన్లో విడమర్చి చెప్పాను. 2017లో కప్పు గెలిచినా రానిది 2024లో ఎలా వచ్చిందో, మధ్యలో ఎవరు ఎవరికి భయపడ్డారో, పూసగుచ్చినట్టు. శ్రద్ధగా విన్నాడు. మధ్యలో ఒకసారి ఆ 600 మిలియన్లు మన రూపాయల్లో ఎంత అని అడిగి, మూడు వేల కోట్ల పైమాటే అంటే ఊఁ అన్నాడు.

"అబ్బాయ్," అన్నాడు చివరికి, "నీకు ఆఫీసులో చైనావాళ్ళు ఎవరన్నా తెలుసా?"

"ఇద్దరున్నారు మావయ్యా, దేనికి?"

"ఏం లేదురా. సంక్రాంతికి వచ్చేటప్పుడు వెంటబెట్టుకురా. మన కబడ్డీ కోర్టు దగ్గర ఓ అరగంట అటూ ఇటూ నడిచి, టేపుతో కొలిచి, నాలుగు ఫొటోలు తీసుకుంటే చాలు. భోజనం మనింట్లోనే."