రొప్పుతున్న కుక్కకు పది నిమిషాల నేల కూడా కరువేనా?

ఈ సాయంత్రం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మా భీముడి ఫోటో వెలిసింది. నడక నుంచి వచ్చి, లిఫ్టు ముందున్న గ్రానైట్ గచ్చు మీద నాలుగు కాళ్లూ బార్లా చాపి, పొట్టను నేలకు ఆనించి పడుకున్న లాబ్రడార్ వాడు. ఫోటో కింద “లాబీ కుక్కల కొట్టం కాదు, ఈ చొంగ ఎవరు తుడుస్తారు?” అని మూడో అంతస్తు పెద్దమనిషి ఒకరు రాయగా, అసోసియేషన్ కార్యదర్శి గారు వెంటనే “ఇకపై పెంపుడు జంతువులు లాబీలో ఆగరాదు” అని శాసనం జారీ చేశారు. చొంగ తుడిచింది నేనే. జేబులో గుడ్డ లేకుండా నేను వాడిని బయటికి తీసుకువెళ్లను. ఆ గుడ్డ మాత్రం ఫోటోలో పడలేదు.

ఈ పెద్దలందరూ బజారు నుంచి రాగానే ఫ్యాను వేసుకుని, చొక్కా గుండీలు విప్పుకుని, చెమట ఆరేదాకా ఇంట్లో వాళ్లను కూడా పలకరించనివ్వరు. కుక్కకు ఆ సౌకర్యం లేదు. దానికి చెమట గ్రంథులు ముఖ్యంగా పాదాల మెత్తల్లోనే ఉంటాయి, వాటివల్ల ఒంటికి ఒరిగేది స్వల్పం. అందువల్ల అది నాలుక మీది, నోటిలోని, ముక్కు లోపలి తడిని ఆవిరి చేసుకుంటూ వేడిని బయటికి పంపుకోవలసిందే. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 10 నుంచి 30 సార్లు ఊపిరి తీసే జీవి, రొప్పేటప్పుడు దాదాపు 300 సార్లు తీయగలదు. మీరు చీదరించుకునే ఆ చొంగే దాని చెమట. పైగా ఇది చెన్నై. సముద్రపు గాలి వీయగానే మనం హాయి అనుకుంటాము గాని, అది మోసుకొచ్చే తేమలో బట్టలే ఆరవు, ఇక నాలుక మీది తడి ఏమి ఆరుతుంది? అలాంటప్పుడు రొప్పడం ఒక్కటీ చాలక, బొచ్చు పలచగా ఉండే పొట్టను చల్లని రాతికి ఆనించి మిగిలిన వేడిని నేలకు అప్పగిస్తుంది. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 106 దాటితే వడదెబ్బ ప్రాణం మీదికి వస్తుంది. ఫోటో తీసిన వారికి ఇది “బద్ధకం” లాగా కనిపించిందట.

ఆ పది నిమిషాలూ దగ్గర కూర్చుని చూసిన వారికి అందులో ఎంత పని జరుగుతుందో తెలుస్తుంది. మొదట నాలుక వెడల్పుగా సాగి, అంచులు పైకి ముడుచుకుని, పెదవుల మూలలు చెవుల దాకా లాగినట్టు ఉంటాయి. కొంతసేపటికి ఎవరో మెట్లు దిగుతున్న చప్పుడు వినడానికి నోరు ఒక్క క్షణం మూసి, మళ్లీ తెరుస్తాడు. ఆ మూయడాలు క్రమంగా ఎక్కువవుతాయి. తర్వాత గుటక వేసి, తుంటి ఒక పక్కకు వాల్చి, గడ్డం నేలకు ఆనించి, ముక్కుతో పొడవుగా నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పు వచ్చాకే నేను నీళ్లు కాస్త కాస్తగా పోస్తాను, అప్పుడే పైకి తీసుకువెళతాను. ఈలోగా దారిన పోయేవారి ఉచిత సలహాలు వేరు. తడి తువ్వాలు కప్పి ఉంచమంటారు, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. గుండు కొట్టించమంటారు, లాబ్రడార్‌కున్న రెండు పొరల బొచ్చు ఎండను కూడా అడ్డుకుంటుందని వారికి చెప్పేవారు లేరు.

అన్నట్టు, ఫోటో తీసిన పెద్దమనిషి ఇంట్లో ఒక పగ్ ఉంది. 2003 ప్రాంతంలో ఒక మొబైల్ కంపెనీ ప్రకటనలో కనిపించినప్పటి నుంచి మన నగరాలకు పట్టిన మోజు అది. చప్పిడి ముక్కు కావడం వల్ల ఆ జాతికి సరిగ్గా రొప్పడం కూడా చేతకాదు, వేడి దానికి మరింత ప్రమాదం. ఆయన దానిని చంకనెత్తుకుని ఏసీ కారులోనే తిప్పుతారు గనుక, కుక్కలు నేల మీద పడుకుంటాయన్న సంగతి ఆయనకు ఈ రోజే తెలిసినట్టుంది.

అసలు మేము లాబీకి ఎందుకు వచ్చామో కూడా చెప్పవలసి ఉంది. గేటు పక్కన గానుగ చెట్టు ఉండేది. దాని నీడలో భీముడు పై మట్టిని కాళ్లతో గీరి పారేసి, అడుగున తగిలే చల్లని మట్టిలో పొట్ట పెట్టుకుని పడుకునేవాడు. ఎవరి గ్రానైటూ తడిసేది కాదు. కార్ల మీద ఆకులు, పూలు రాలుతున్నాయని ఆ చెట్టును కొట్టించి, ఆ చోట సిమెంటు పలకలు పరిచి, రెండు కార్లకు స్థలం చేశారు. అందులో ఒక కారు ఎవరిదో మీరు ఇప్పటికే ఊహించి ఉంటారు. నీడను నరికిన చేతులే నేడు కుక్క చల్లని నేలను వెతుక్కుంటోందని ఫోటోలు తీస్తున్నాయి.

లిఫ్టు సంగతీ అంతే. పెంపుడు కుక్కలను లిఫ్టు ఎక్కనివ్వకపోవడం కూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాల్లో చెప్పినా, మా వారు “మెట్లున్నాయి కదా సార్” అంటారు. ఒళ్లు కాలుతున్న కుక్కను, చల్లబడకముందే, నాలుగంతస్తులు ఎక్కించాలన్నమాట.

ఇప్పుడు కార్యదర్శి గారు దయతలచి ఒక ప్రత్యామ్నాయం సూచించారు. సాయంత్రాలు మేడ మీద పడుకోబెట్టుకోవచ్చట. పగలంతా ఎండకు మాడిన ఆ గచ్చు మీద ఆయన చెప్పులు లేకుండా అడుగు పెట్టగా నేను ఎన్నడూ చూడలేదు. రేపు సాయంత్రం ఆరు గంటలకు ఆయనే పైకి వచ్చి, చేతి వెనుక భాగాన్ని ఆ నేలకు ఏడు సెకన్లు ఆనించి ఉంచాలి. ఆ ఫోటో కూడా అదే గ్రూపులో పెట్టిన తర్వాత భీముణ్ణి నేనే పైకి తీసుకువస్తాను.