పాత లాప్‌టాప్ తుక్కు కాదు

"విండోస్ 10 పని అయిపోయింది, పాత లాప్‌టాప్ తుక్కుకి వేసెయ్యండి. లినక్స్ జోలికెళ్తే నల్ల తెర మీద కమాండ్లు కొట్టాలి, తెలుగు రాదు, పాత ఫైళ్లు తెరుచుకోవు, ఉన్నదంతా చెరిగిపోతుంది." శ్రీకాకుళం జిల్లా వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజి తెగ తిరుగుతోంది. లినక్స్ అంటే విండోస్‌కి బదులు కంప్యూటర్ని నడిపే ఇంకో సాఫ్ట్‌వేరు. దీన్ని నమ్మి డిగ్రీ చదివే పిల్లల చేత కొత్త లాప్‌టాప్‌కి అప్పు చేయిస్తున్నారు. అందుకే రాస్తున్నాను.

మొదటి ముక్క నిజమే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగాయి. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు అడుగుతుంది, పాతవాటిలో చాలావాటికి అది లేదు. అంతమాత్రాన మిషను చెడిపోయినట్టా? లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 ఉంటే హాయి. డబ్బు కట్టక్కర్లేదు.

నల్ల తెర మాట మా అప్పకి కూడా చెప్పారు. నరసన్నపేటలో వాళ్లింట్లోనే మా మేనకోడలి లాప్‌టాప్‌కి మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవు పెట్టి ఆన్ చేశాను. తెర మీద బొమ్మలొచ్చాయి. "ఏటిరా, స్టార్టు బటనేదీ?" అంది అప్ప. "కింద ఎడమ మూలనే అప్పా, ఎప్పుడూ ఉండేచోటే." నొక్కింది, మెనూ వచ్చింది. వైఫై పాస్‌వర్డు పిల్లే కొట్టుకుంది. ఆ సాయంత్రం కమాండు అన్న మాటే రాలేదు.

తెలుగు రాదన్నది శుద్ధ అబద్ధం. కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు కలిపితే ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరిక వస్తుంది. షిఫ్ట్‌తో ఎం, తర్వాత డి, జె, ఆర్. నాలుగు మీటలకి "శ్రీ" పడింది. మిగతా "కాకుళం" మేనకోడలు వెతుక్కుంటూ తనే పూర్తి చేసింది. ఇదే అమరిక విండోస్‌లోనూ ఉంది, కాబట్టి నేర్చుకున్నది వృథా పోదు.

ఫైళ్ల సంగతి సగం నిజం. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేరులో తెరుచుకుంటాయి, పెద్ద టేబుళ్లు అక్కడక్కడా పక్కకి జరగొచ్చు. కానీ అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో పెళ్లిపత్రికలు కొట్టే డీటీపీ షాపువాళ్లు మారొద్దు, అవి విండోస్ కోసం చేసినవి. టాలీ మీద లెక్కలు రాసేవాళ్లకీ ఇదే మాట.

చెరిగిపోవడమా? పెన్‌డ్రైవు మీంచి నడిపి చూసినంతసేపూ లోపలి డిస్కుని అది ముట్టుకోదు. నచ్చకపోతే ఆపి, పెన్‌డ్రైవు తీసి ఆన్ చేస్తే మీ విండోస్ మీకుంటుంది. నచ్చి ఇన్‌స్టాల్ నొక్కేటప్పుడే జాగ్రత్త. డిస్కు మొత్తం తుడిచే ఎంపిక అక్కడుంది. ముందే ఫోటోలు, మార్కుల లిస్టులు వేరే పెన్‌డ్రైవులోకి కాపీ చేసి, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాకే నొక్కండి.